పరికరాల నడుమ ఉన్న పని: కొత్త ఫెసిలిటీస్ ఇంజనీరుకు మొదటి పాఠాలు

చమురు, గ్యాస్ రంగంలో ఫెసిలిటీస్ ఇంజనీరుగా కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలోనే బెదిరిపోవడం చాలాసార్లు చూశాను. వాళ్ల తప్పేమీ లేదు. రిజర్వాయర్ ఇంజనీరుకు భూమి లోపలి రాయి ఒక్కటే లోకం. డ్రిల్లింగ్ వాళ్లకు బావి. ఫెసిలిటీస్ వాళ్లకు మాత్రం బావి తల దగ్గర్నుంచి అమ్మకపు మీటరు దాకా కంటికి కనిపించేదంతా అప్పజెబుతారు. సెపరేటర్లు, పంపులు, కంప్రెసర్లు, హీటర్లు, ట్యాంకులు, మిగులు గ్యాస్‌ను కాల్చేసే ఫ్లేర్, మైళ్ల కొద్దీ పైపులు, వేల కొద్దీ వాల్వులు. కాలేజీలో చదివిందేమో కెమికలో మెకానికలో, ఏదో ఒక్కటే. డ్రాయింగుల కట్ట తెచ్చి ముందు పెడితే దేంతో మొదలుపెట్టాలో తోచదు.

అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ఒక్కో పరికరాన్నీ పట్టుకుని చదువు, ఈ వారం పంపులు, వచ్చే వారం కంప్రెసర్లు అని. నేనూ అలాగే చదివాను, అందులో నష్టం లేదు. కాకపోతే అసలు పని అక్కడ లేదు. పంపు గురించి పంపుల నిపుణుడికి మీకన్నా ఎప్పుడూ ఎక్కువే తెలుస్తుంది. కంప్రెసర్ తయారీదారు తన యంత్రం గురించి మీకు నేర్పగలడు కానీ మీ దగ్గర నేర్చుకోడు. అయితే పంపుకు ముందున్న పాత్రలో మట్టం పడిపోతే పంపు ఏమవుతుంది? కంప్రెసర్ ఆగిపోతే దాని వెనకున్న గ్యాస్ ఎటు పోతుంది? ఇవి ఏ ఒక్క నిపుణుడి ప్రశ్నలూ కావు. రెండు పరికరాల నడుమ ఏం జరుగుతుందో చూసుకునే మనిషి ఫెసిలిటీస్ ఇంజనీరే. ఈ సంగతి మొదట్లోనే పట్టుబడితే చదవాల్సిన పుస్తకాలు తగ్గవు కానీ, చదివింది ఎక్కడ అతికించుకోవాలో తెలుస్తుంది.

బావి నుంచి వచ్చేది చమురు కాదు

బావి తల మీద ప్రవాహాన్ని అదుపు చేసే చోక్ వాల్వ్ దాటి వచ్చేది చమురు, గ్యాస్, ఉప్పునీరు, కాస్త ఇసుక, కొన్నిచోట్ల మైనం, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కలగలిసిన ప్రవాహం. ఆ పాళ్లు కూడా నిలకడగా ఉండవు. బావి వయసు పెరిగేకొద్దీ నీటి వాటా పెరుగుతుంది. ముసలి క్షేత్రాల్లో వచ్చే ద్రవంలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే కావడం మామూలు. ఈరోజు డిజైన్ చేసిన ప్లాంటు పదేళ్ల తర్వాత వేరే ద్రవంతో పనిచేయాల్సి వస్తుందని ముందే ఊహించుకోవాలి.

ఈ ప్రవాహాన్ని విడదీయడానికి ప్రకృతి ఇచ్చిన సాధనాలు రెండే: ఒత్తిడి తగ్గించడం, నిలకడగా ఉంచడం. సోడా సీసా మూత తీయగానే బుసబుసా పొంగుతుంది కదా, చమురులో కరిగి ఉన్న గ్యాస్ కూడా అంతే. ఒత్తిడిని ఒకేసారి గాలి స్థాయికి దించేస్తే, పైకి లేచే గ్యాస్ తనతోపాటు ప్రొపేన్, బ్యూటేన్ లాంటి మధ్యరకం భాగాలను కూడా పట్టుకుపోతుంది. మెట్లు మెట్లుగా దించితే వాటిలో ఎక్కువ భాగం చమురులోనే నిలుస్తుంది, ట్యాంకులో చేరే ద్రవం పెరుగుతుంది. సెపరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి, హైప్రెషర్, లోప్రెషర్ అని వరసగా ఉండటానికి కారణం ఇదే.

ఇక నిలకడ సంగతి. సెపరేటర్ చూడటానికి ఖాళీ డబ్బా. లోపల ప్రవాహాన్ని మందగింపజేసే ఇన్‌లెట్ పరికరం, గ్యాస్ వెళ్లే దారిలో తుంపర పట్టే తీగల మెష్, చమురునూ నీటినీ వేరుచేసే అడ్డుగోడ, బయటికి పోయే దారి దగ్గర సుడి పుట్టకుండా ఒక పలక. అంతే. అసలు పనంతా చేసేది గురుత్వాకర్షణ. దానికి కావలసింది సమయం. ఎంత సమయమో, ద్రవంలో చుక్క దిగే వేగం చెప్పే స్టోక్స్ సూత్రంతో ఒక్కసారైనా మీ చేత్తో లెక్క కట్టి చూడండి. అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న నీటి చుక్క, చమురుకీ నీటికీ సాంద్రతలో ఘనపు మీటరుకు 150 కిలోల తేడా, చమురు చిక్కదనం 10 సెంటీపాయిజ్ (చిక్కదనానికి వాడే కొలత) అనుకుందాం. ఆ చుక్క సెకనుకు సుమారు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. చమురు పొర మీటరు మందం ఉంటే అడుగుకు చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. అదే చుక్క వ్యాసం సగమైతే? వేగం వ్యాసపు వర్గంతో మారుతుంది కాబట్టి నాలుగింతల సమయం, అంటే 33 నిమిషాలు. ఏ సెపరేటర్ అంత ఓపిక పట్టదు. చమురును వేడిచేసి చిక్కదనాన్ని సగానికి తెస్తే సమయమూ సగమవుతుంది. హీటర్లు ఎందుకున్నాయో అక్కడ తెలుస్తుంది.

మరి చుక్కలు చిన్నవి ఎందుకవుతాయి? చోక్ వాల్వ్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పడేచోట ప్రవాహం చిలికినట్టవుతుంది, నీటి చుక్కలు నలిగిపోతాయి. దారిలో సెంట్రిఫ్యుగల్ పంపు ఉంటే అదీ అదే పని చేస్తుంది. ముడి చమురులో సహజంగా ఉండే ఆస్ఫాల్టీన్లు అనే బరువైన పదార్థాలు ఆ చిన్న చుక్కల చుట్టూ పొరలా పేరుకుని, అవి మళ్లీ కలవకుండా అడ్డుపడతాయి. అదే ఎమల్షన్. అంటే ‘సెపరేటర్ పనిచేయడం లేదు’ అని ఫిర్యాదు వచ్చినప్పుడు జబ్బు సెపరేటర్‌లో ఉండకపోవచ్చు, వంద మీటర్ల వెనక చోక్ దగ్గర ఉండవచ్చు. ఎమల్షన్‌ను విడగొట్టే మందు, అంటే డీమల్సిఫయర్, ఎక్కడ ఎక్కిస్తున్నారు, అది కలవడానికి చాలినంత దారి ఉందా అని చూడాలి. నేను పరికరాల నడుమ అన్నది ఇలాంటి చోట్ల గురించే.

గ్యాస్ చల్లబడితే

గ్యాస్ వైపు కొత్తవాళ్లను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది చలి. వాల్వ్ గుండా ఒత్తిడి పడినప్పుడు సహజవాయువు చల్లబడుతుంది. ఒత్తిడి తగ్గే ప్రతి బార్‌కు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) సుమారు అర డిగ్రీ సెల్సియస్ అని ఉజ్జాయింపు లెక్క. 100 బార్, 35 డిగ్రీల దగ్గరున్న గ్యాస్‌ను 50 బార్‌కు దించితే దాదాపు 10 డిగ్రీలకు చేరుతుంది. పది డిగ్రీలే కదా, మంచు కట్టదులే అనిపిస్తుంది. మంచు కట్టదు. కట్టేది హైడ్రేట్. నీటి అణువులు గ్యాస్ అణువుల చుట్టూ పంజరాల్లా అల్లుకుని ఏర్పడే ఘనపదార్థం అది, చూపుకు మంచులాగే ఉంటుంది. 50 బార్ దగ్గర మామూలు సహజవాయువులో తడి ఉంటే 10 డిగ్రీలకే అది పుడుతుంది. గ్యాస్ పైపులైన్లు మూసుకుపోవడానికి కారణం మంచు కాదు, హైడ్రేట్ అని హామర్‌ష్మిట్ 1934లో చూపించేదాకా ఈ సంగతి పరిశ్రమకు తెలియదు.

హైడ్రేట్ పట్టిన పైపు విషయంలో ఒక హెచ్చరిక ఇప్పుడే మనసులో పెట్టుకోండి. అడ్డుపడిన గడ్డకు ఒకవైపు మాత్రమే ఒత్తిడి తీసేస్తే, అది వదులైన క్షణాన రెండోవైపు ఒత్తిడి దాన్ని ఫిరంగి గుండులా విసురుతుంది. అలా పైపు వంపులు చిరిగి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. ఒత్తిడిని రెండువైపుల నుంచీ, నెమ్మదిగా దించాలి.

తడిని ముందే తీసేయడానికి ట్రైఇథిలీన్ గ్లైకాల్‌తో గ్యాస్‌ను కడుగుతారు, తడి పీల్చుకున్న గ్లైకాల్‌ను సుమారు 200 డిగ్రీల దాకా కాచి మళ్లీ వాడతారు. దాన్ని 204 డిగ్రీలు దాటనివ్వకపోవడానికి కారణం, ఆపైన గ్లైకాలే చెడిపోవడం మొదలవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ ఉంటే అమైన్ ద్రావణంతో కడుగుతారు. ఈ ప్రక్రియల వివరాలు నిదానంగా నేర్చుకోవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి మాత్రం సైట్‌లో అడుగుపెట్టే రోజుకే తెలిసి ఉండాలి. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. 700 దాటితే స్పృహ తప్పి ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. వాసన ఆగిపోవడం గ్యాస్ పోయిందనడానికి గుర్తు కాదు. మెడలో వేలాడే డిటెక్టర్‌ను నమ్మాలి, ముక్కును కాదు.

బార్ అంటే ఎంత?

యూనిట్ల దగ్గర ఒకరోజు కూర్చోండి. బ్యారెల్ అంటే 159 లీటర్లు. గ్యాస్ లెక్కల్లో ఒక ‘ఎం’ అంటే వెయ్యి, రెండు ‘ఎం’లు అంటే పది లక్షలు. ఎం అనగానే మిలియన్ అనుకునే అలవాటున్నవాళ్లు వెయ్యింతల తప్పు చేస్తారు. గాలి ఒత్తిడిని సున్నాగా తీసుకునే గేజ్ ఒత్తిడికీ, శూన్యం నుంచి లెక్కించే అబ్సల్యూట్ ఒత్తిడికీ తేడా సుమారు ఒక బార్. 70 బార్ దగ్గర అది లెక్కలోకి రాదు, ట్యాంకు దగ్గర అదే సర్వస్వం. ప్రతి అంకె పక్కనా ఏ ఒత్తిడో రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

అంతకన్నా ముఖ్యం, అంకెను బరువుగా ఊహించుకోవడం. ‘పది బారే, లోప్రెషర్’ అని తేలిగ్గా అంటుంటారు. మనిషి దూరి లోపలికి వెళ్లే మ్యాన్‌వే మూత వ్యాసం 600 మిల్లీమీటర్లు అనుకుందాం. 10 బార్ దగ్గర దాన్ని లోపలి నుంచి తోసే బలం దాదాపు 29 టన్నులు. గేజ్ మీద ముల్లు కదిలిందో లేదో అన్నట్టుండే 1 బార్ దగ్గర కూడా అది మూడు టన్నులకు దగ్గర. బోల్టులు విప్పేముందు ఒత్తిడి సున్నా అని రెండుచోట్ల చూసుకోమనేది అందుకే.

ఒక పైపు, రెండు లోకాలు

ఇప్పుడు అన్నిటికన్నా విలువైన ఉదాహరణ. దీని మీద కాసేపు నిలబడదాం.

హైప్రెషర్ సెపరేటర్ 70 బార్ దగ్గర నడుస్తోంది. దాని అడుగు నుంచి చమురు ఒక లెవెల్ కంట్రోల్ వాల్వ్ గుండా లోప్రెషర్ సెపరేటర్‌లోకి పోతుంది. ఆ రెండోది 8 బార్ దగ్గర నడుస్తుంది, తట్టుకునేది 15 బార్. డ్రాయింగులో ఈ రెంటినీ కలిపేది ఒక సన్నని గీత, మధ్యలో ఒక వాల్వ్ బొమ్మ. 70 బార్ లోకాన్నీ 15 బార్ లోకాన్నీ విడదీస్తున్నది నిజానికి ఆ వాల్వ్ కాదు. హైప్రెషర్ సెపరేటర్ అడుగున ఉన్న మీటరు ఎత్తు చమురు. ఆ చమురు ఉన్నంతసేపే గ్యాస్‌కు ఆ దారి మూసి ఉంటుంది.

వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకోండి. చమురు కారిపోతుంది, మట్టం అడుగంటుతుంది, ఆ వెంటనే 70 బార్ గ్యాస్ అదే పైపులో పడి లోప్రెషర్ సెపరేటర్‌లోకి దూసుకొస్తుంది. దీన్నే గ్యాస్ బ్లోబై అంటారు. చమురు కోసం ఎంచిన వాల్వ్ గుండా గ్యాస్ ఎంత పోగలదో లెక్కిస్తే మొదటిసారి ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. లోప్రెషర్ సెపరేటర్ మీది రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే తనంతట తెరుచుకునే వాల్వ్) సైజును చాలాసార్లు నిర్ణయించేది ఆ పాత్రలోకి మామూలుగా వచ్చే ప్రవాహం కాదు, ఈ బ్లోబై.

నేను చేరిన తొలి నెలల్లో ఒక పాత ఆపరేటర్ నన్ను సెపరేటర్ కిందికి తీసుకెళ్లి లెవెల్ కంట్రోల్ వాల్వ్ పక్కన నిలబెట్టారు. కంట్రోల్ రూమ్ తెర మీద మట్టం 40 శాతం, గీత గీసినట్టు నిలకడగా ఉంది. ‘ఆ పైపు చూడు బాబూ’ అన్నారు. వాల్వ్ తర్వాతి పైపు మీద సన్నగా చెమట పట్టి ఉంది. అంతకుముందు పొడిగా ఉండే పైపు అది. గ్లౌజు మీద నుంచే చల్లదనం తెలిసింది. చమురు పోతున్నప్పుడు వినిపించే బొంగురు చప్పుడు పోయి, సన్నని ఈల మొదలైంది. ‘ఇందులో ఇప్పుడు పోయేది చమురు కాదు’ అని ఆయన అప్పటికే రేడియో అందుకున్నారు. లెవెల్ ట్రాన్స్‌మిటర్‌ను పాత్రకు కలిపే కింది గొట్టం మైనంతో పూడుకుపోయింది. ట్రాన్స్‌మిటర్ తన గొట్టంలో చిక్కిన చమురు మట్టాన్ని చూపిస్తోంది, పాత్రలో ఉన్నదాన్ని కాదు. నిలకడగా ఉన్న గీతే ఆ రోజు తప్పుడు సాక్ష్యం. నిజంగా నడుస్తున్న సెపరేటర్‌లో మట్టం ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటుంది.

ఇలాంటి వాటికి ఎన్ని అడ్డుకట్టలు కావాలో చెప్పే పద్ధతి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పత్రం ఏపీఐ ఆర్‌పీ 14సీలో ఉంది. 1974లో మొదట వచ్చింది. సముద్రంలోని ప్లాట్‌ఫారాల కోసం రాసిందే అయినా ఆలోచనా పద్ధతి నేర్చుకోవడానికి అంతకన్నా సూటి పత్రం నాకు తెలియదు. ప్రతి పాత్రకూ జరగగల చెడును ఒక్కొక్కటిగా తీసుకుని, ఒకదానిమీద ఒకటి ఆధారపడని రెండు రక్షణలు చూపించమంటుంది. బ్లోబైకి మొదటిది, మట్టం బాగా పడిపోగానే బయటికి పోయే దారిని మూసే లోలెవెల్ సెన్సర్, షట్‌డౌన్ వాల్వ్. రెండోది, కింది పాత్ర మీది రిలీఫ్ వాల్వ్. మట్టాన్ని నియంత్రించే ట్రాన్స్‌మిటరే షట్‌డౌన్‌కూ సంకేతం ఇస్తుంటే అవి రెండు కాదు, ఒకటే. పైన చెప్పిన మైనం రెంటినీ ఒకేసారి గుడ్డివి చేసేది.

డ్రాయింగును చదవడం

పైపులు, పరికరాలు, మీటర్లు అన్నీ ఎలా కలుస్తాయో చూపే డ్రాయింగును పీ అండ్ ఐడీ అంటారు. దాన్ని చదవడం అంటే గుర్తులు బట్టీపట్టడం అనుకుంటారు. గుర్తులు రెండు వారాల్లో వచ్చేస్తాయి. అసలు చదువు ఏమిటంటే, ప్రతి వాల్వ్ దగ్గరా ఆగి ‘ఇది ఇప్పుడు మూసుకుంటే వెనక ఏమవుతుంది, తెరుచుకుని ఉండిపోతే ముందు ఏమవుతుంది’ అని అడుగుతూ పోవడం. 1960ల్లో ఐసీఐ సంస్థలో పుట్టిన హ్యాజాప్ పద్ధతి సారం కూడా ఇదే. ప్రవాహం లేకపోతే, ఎక్కువైతే, వెనక్కి తిరిగితే అని ఒక్కో పైపునూ ప్రశ్నిస్తారు. హ్యాజాప్ గదిలో మూల కూర్చుని రాసుకునే పని కొత్తవాళ్లకు ఇస్తుంటారు. చిన్నచూపు అనుకోవద్దు, ప్లాంటు మొత్తాన్ని అంత దగ్గరగా చూసే అవకాశం మళ్లీ రాదు.

గాలి పోయినప్పుడు, కరెంటు పోయినప్పుడు వాల్వ్ ఎటు వెళ్లాలో దాని పక్కన రెండక్షరాల్లో రాసి ఉంటుంది. హీటర్‌కు ఇంధనం ఇచ్చే వాల్వ్ మూసుకోవాలి. పాత్రలోని గ్యాస్‌ను ఫ్లేర్‌కు వదిలేసే బ్లోడౌన్ వాల్వ్ తెరుచుకోవాలి. ఈ రెండూ తేలిక. గ్యాస్‌ను మళ్లీ కంప్రెసర్ మొదటికే పంపే రీసైకిల్ వాల్వ్ ఎటు పోవాలి? తెరుచుకోవాలి, లేదంటే కంప్రెసర్ సర్జ్‌లోకి, అంటే గ్యాస్ వెనక్కి తన్ని యంత్రం ఊగిపోయే స్థితిలోకి పోతుంది. ఇలాంటివి ఒక పదింటికి కారణాలు చెప్పగలిగితే ప్లాంటు మీకు సగం అర్థమైనట్టే.

డ్రాయింగులో పైపు గీత మీద ఒక చిన్న అడ్డగీత, అటూ ఇటూ వేర్వేరు స్పెక్ కోడ్‌లు కనిపిస్తాయి. పైపు బలం అక్కడ మారుతుందని అర్థం. నా దృష్టిలో డ్రాయింగు మొత్తంలో అతి ముఖ్యమైన గుర్తు అదే. హైప్రెషర్ లోకం ఎక్కడ ఆగి లోప్రెషర్ లోకం ఎక్కడ మొదలవుతుందో అది చెబుతుంది. కొత్త డ్రాయింగు చేతికొస్తే రంగు పెన్సిల్ తీసుకుని ముందు ఆ సరిహద్దులు గీయండి. ఆ తర్వాత సైట్‌కు వెళ్లి అదే గీత వెంట నడవండి. డ్రాయింగులో లేని డ్రెయిన్ పైపో, తాళం వేయాల్సిన చోట తాళం లేని వాల్వో తప్పకుండా ఒకటైనా కనిపిస్తుంది.

మీటరు చూసేది, మీరు అనుకునేది

2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. అది రిఫైనరీ, ఉత్పత్తి ప్లాంటు కాదు. అయినా కొత్త ఫెసిలిటీస్ ఇంజనీరు తప్పక తెలుసుకోవాల్సిన పాఠం అందులో ఉంది. మరమ్మతుల తర్వాత యూనిట్‌ను మళ్లీ నడపడం మొదలుపెడుతూ ద్రవాలను వేడితో విడదీసే, 50 మీటర్లకు పైగా ఎత్తున్న స్తంభాన్ని నింపారు. ద్రవం లోపలికి వస్తూనే ఉంది, గంటల తరబడి బయటికి పోలేదు. లెవెల్ మీటరు చూడగలిగేది స్తంభం అడుగునున్న కొద్ది మీటర్లే. ద్రవం దాన్ని ఎప్పుడో ముంచేసి పైకి పోయింది. తెర మీద మాత్రం మట్టం నూటికి లోపే ఉంది, పైగా మెల్లగా తగ్గుతున్నట్టు కనిపించింది.

ఎందుకలా? అది డిస్‌ప్లేసర్ రకం మీటరు. ద్రవంలో వేలాడే బరువు ఎంత తేలికపడిందో చూసి మట్టం చెబుతుంది. బరువు పూర్తిగా మునిగాక అది మట్టాన్ని కొలవదు, సాంద్రతను కొలుస్తుంది. ద్రవం వేడెక్కేకొద్దీ సాంద్రత తగ్గింది, మీటరు దాన్ని మట్టం తగ్గినట్టు చూపింది. విడిగా అమర్చిన రెండో హైలెవెల్ అలారం మోగలేదు. చివరికి స్తంభం పొంగి, ద్రవం రిలీఫ్ వాల్వుల గుండా పాతకాలపు బ్లోడౌన్ గొట్టంలోకి, అక్కడి నుంచి నేరుగా గాలిలోకి ఎగజిమ్మింది.

లెవెల్ మీటర్లలో చాలావరకు మట్టాన్ని నేరుగా చూడవు. ఒత్తిడి తేడానో, తేలే బరువునో చూసి, సాంద్రత ఇంత అని ఎవరో ఒకరోజు ఇచ్చిన అంకెతో మట్టాన్ని ఊహిస్తాయి. ఆ అంకె ఏమిటో, ఎప్పటిదో కనుక్కోవడం మంచి మొదటి వారపు పని. ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌తో ఒక పూట తిరిగితే దొరుకుతుంది.

పక్కవాళ్ల ఒత్తిడి

1988 జూలై 6 రాత్రి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం ప్రమాదంలో 167 మంది చనిపోయారు. కండెన్సేట్ (గ్యాస్ నుంచి విడివడే తేలికపాటి ద్రవం) పంపులు రెండింటిలో ఒకదాని రిలీఫ్ వాల్వ్‌ను పరీక్షకని తీసి, ఆ చోట ఒక బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు నోరు మూసే పలక) బిగించారు. షిఫ్ట్ మారింది. పంపు మరమ్మతు పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి) ఒకచోట, వాల్వ్ పర్మిట్ ఇంకోచోట ఉన్నాయి. రాత్రి రెండో పంపు ఆగిపోయింది, మొదటిదాన్ని నడపబోయారు. సరిగా బిగియని ఆ ఫ్లాంజ్ నుంచి కండెన్సేట్ బయటపడి పేలింది. ఆ ప్లాట్‌ఫారాన్ని మొదట చమురు కోసం కట్టి, తర్వాత గ్యాస్ పరికరాలు చేర్చారు. అక్కడి గోడలు మంటను ఆపడానికి కట్టినవి, పేలుడును ఆపడానికి కాదు.

ఈ కథను పర్మిట్ల పాఠంగా అందరూ చెబుతారు, నిజమే. నన్ను మాత్రం ఇంకో ముక్క ఎక్కువగా వెంటాడుతుంది. పైపర్‌తో పైపులైన్లతో ముడిపడిన టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫారాలు ఆ మంటలు కనిపిస్తున్నా వెంటనే ఉత్పత్తి ఆపలేదు. టార్టన్ నుంచి వచ్చే గ్యాస్ పైపులైన్ మంటల వేడికి తెగిన తర్వాత కాపాడడానికి ఏమీ మిగల్లేదు. మీ ప్లాంటు కంచె దగ్గర మీ వ్యవస్థ ఆగిపోదు. పైపుకు అటు చివర ఎవరున్నారు, వాళ్లను ఆపమని చెప్పే అధికారం ఎవరికుంది, మీ వైపు మూసే వాల్వ్ ఎక్కడుంది అన్నవి డ్రాయింగులో చివరి పేజీలో ఉంటాయి. చాలామంది అక్కడిదాకా చదవరు. లార్డ్ కలెన్ విచారణ నివేదిక 1990లో 106 సిఫార్సులతో వచ్చింది. నేటి భద్రతా నియమాలు ఎందుకలా ఉన్నాయో తెలియాలంటే అది చదవాలి.

1998 సెప్టెంబర్ 25న ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంటులో ఇద్దరు చనిపోయారు, విక్టోరియా రాష్ట్రానికి రెండు వారాలకు పైగా గ్యాస్ సరఫరా దెబ్బతింది. వేడి నూనె పంపులు ఆగిపోవడంతో ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ సున్నాకు 48 డిగ్రీల దిగువకు చల్లబడి, బయట మంచు పట్టింది. దాంట్లోకి మళ్లీ వేడి నూనె పంపగానే ఉక్కు గాజులా పగిలింది. సాధారణ కార్బన్ స్టీల్‌కు చాలాచోట్ల సున్నాకు 29 డిగ్రీల దిగువను హద్దుగా పెడతారు, మందం పెరిగితే ఆ హద్దు ఇంకా పైకి వస్తుంది. చలి పైపును ఎంత పెళుసు చేస్తుందో అక్కడి ఆపరేటర్లకు ఎవరూ సరిగా నేర్పలేదు. ప్లాంటు ఇంజనీర్లను 1992లోనే మెల్‌బోర్న్‌కు తరలించారు. మంచు పట్టిన ఎక్స్‌ఛేంజర్‌ను చూసి ‘ఆగండి’ అనగలిగే ఇంజనీరు ఆ పూట దాని పక్కన లేడు. మోడల్స్ అన్నీ కంప్యూటర్‌లో ఉన్నప్పుడు సైట్‌కు ఎందుకు వెళ్లాలని అడిగే కొత్తవాళ్లకు నేను ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

మొదటి ‘చిన్న పని’

కొత్తవాళ్లకు మొదట ఇచ్చేది ఇలాంటి పనే. బావుల్లో నీరు పెరిగింది, హైప్రెషర్ సెపరేటర్ చమురు వైపు లెవెల్ కంట్రోల్ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నా మట్టం దిగడం లేదు, లోపలి ట్రిమ్‌ను, అంటే ప్రవాహం దారిని పెద్దదీ చిన్నదీ చేసే లోపలి భాగాలను, పెద్దది చేయండి. నాకూ ఇదే వచ్చింది. వాల్వ్ సామర్థ్యాన్ని సీవీ అనే అంకెతో చెబుతారు. కావలసిన సీవీ లెక్కకట్టడానికి అరగంట పట్టింది. కేటలాగులో సరిపోయే ట్రిమ్ ఉంది, అదే వాల్వ్ బాడీలో పడుతుంది, ధర కూడా పెద్దది కాదు. సంతకానికి పెట్టేలోపు మా పెద్దాయన ఒక్క మాట అడిగారు, ‘ఇది తెరుచుకుని ఇరుక్కుంటే?’ అని.

అక్కడి నుంచి మూడు వారాలు పట్టింది. పెద్ద ట్రిమ్ అంటే పెద్ద బ్లోబై. కింది పాత్ర మీది రిలీఫ్ వాల్వ్‌కు ఆ చేవ లేదు. దాన్ని పెద్దది చేస్తే దాని కింది నాజిల్ చాలదు. నాజిల్ మారిస్తే, రిలీఫ్ వాల్వులన్నీ కలిసే ఫ్లేర్ హెడర్ పైపులో వెనక ఒత్తిడి పెరిగి, అదే హెడర్ మీదున్న మిగతా రిలీఫ్ వాల్వులు తమ పని తాము చేయలేవు. పాత రిలీఫ్ లెక్కల ఫైలు తెరిస్తే, నాకన్నా చాలా ఏళ్ల ముందు ఎవరో ఇదే లెక్క చేసి, ఈ వాల్వ్ సీవీ ఎంత దాటకూడదో పేజీ అడుగున రాసి పెట్టారు. ఆ మాట డ్రాయింగు మీదికి ఎక్కలేదు.

చివరికి ట్రిమ్ మార్చలేదు. సెపరేటర్ నీటి వైపు వాల్వ్‌కు ఇంకా చేవ మిగిలి ఉంది. నీరు చమురు వైపు వచ్చిపడుతోందంటే చుక్కలు దిగడం లేదని అర్థం. డీమల్సిఫయర్ ఎక్కించే చోటును చోక్‌కు బావి వైపుకు జరిపాం, మోతాదు సరిచేశాం, నీరు తన దారిన పోవడం మొదలైంది. చమురు వైపు వాల్వ్ అరవై శాతం దగ్గర నిలిచింది. పీ అండ్ ఐడీలో దాని పక్కన ఒక నోట్ చేర్పించాను: ‘కింది పాత్ర రిలీఫ్ లెక్క తిరిగి చేయకుండా ఈ వాల్వ్ ట్రిమ్ మార్చరాదు.’